శుక్రవారం పాటలు

మన ఆడవాళ్లలో ఎవరినైనా "నీకు ఏ పాటలిష్టం?" అని అడిగి చూడండి. చెప్పేవన్నీ దాదాపు పెళ్లికి ముందు విన్నవే అయి ఉంటాయి. ఆ తరవాత వినడం మానేశామని కాదు. వింటూనే ఉంటాం, కానీ అవి ఇంట్లోవాళ్ల పాటలు. మా వారికి ఘంటసాల, అత్తయ్యగారికి అన్నమయ్య కీర్తనలు, పిల్ల చిన్నప్పుడు రైమ్స్, పెద్దయ్యాక దాని గోల దానిది. టీవీ రిమోట్ లాగే పాట కూడా ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. "నాకిది కొత్తగా నచ్చింది" అని చివరిసారి ఎప్పుడన్నానా అని లెక్క వేస్తే 1997 దగ్గర ఆగింది.

అప్పట్లో కొత్త పాట దొరకడం అంత తేలికేం కాదు. తెల్ల కాగితం మీద పన్నెండు పాటల జాబితా రాసి, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ కొని రికార్డింగ్ షాపులో ఇస్తే నాలుగు రోజులకి చేతికొచ్చేది. ఒక్కో వైపు చివర రెండు మూడు నిమిషాలు మిగిలిపోతే షాపతను తనకి నచ్చిన పాటేదో నింపేసేవాడు. మనం అడగని పాట. నాకు ఇళయరాజా పాటలు కొన్ని అలా పరిచయమైనవే. ఆ మిగులు టేపులో ఏముందో వినడానికే క్యాసెట్ తిప్పి తిప్పి వేసేదాన్ని.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంగ్లీషు పాటల గురించి. కంగారు పడకండి, చదవండి.

మా అమ్మాయి 2023 ఫిబ్రవరిలో పై చదువుకి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వెళ్లింది. మొదటి నెల రోజుకి రెండుసార్లు వీడియో కాల్. రెండో నెల రోజుకొకసారి. ఆ తరవాత "అమ్మా, లైబ్రరీలో ఉన్నా, మళ్లీ చేస్తా" మొదలైంది. చేసినప్పుడైనా ఏముంటుంది? తిన్నావా? చలిగా ఉందా? ఏం వండుకున్నావు? అవతల నుంచి ఆ, ఊ, పప్పు. అక్కడితో ఇద్దరి దగ్గరా సరుకు అయిపోయేది. కాల్ పెట్టేశాక ఫోన్ అలాగే పట్టుకుని కూర్చునేదాన్ని. పిల్ల కనబడుతూనే ఉంది, దానితో ఏం మాట్లాడాలో మాత్రం తెలియడం లేదు.

ఒకరోజు ఏ మాటా లేకుండా ఒక పాట లింకు పంపింది. కింద "ఇక్కడి బ్యాండే, విను" అని. పేరు ద బెత్స్. ఆక్లండ్ యూనివర్సిటీలో జాజ్ సంగీతం చదివిన స్నేహితులు కలిసి పెట్టుకున్న బ్యాండు. పాటలు రాసి పాడే ఎలిజబెత్ స్టోక్స్ పుట్టింది జకార్తాలో, చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆక్లండ్ వచ్చేసిందట. గిటార్ వాయించే జొనాథన్ పియర్సే వాళ్ల ఆల్బంలు రికార్డు చేస్తాడు. అంటే వంటా వాళ్లదే, వడ్డనా వాళ్లదే.

ఆ పాట ఉన్న ఆల్బం 2022లో వచ్చింది. పేరు "ఎక్స్‌పర్ట్ ఇన్ ఎ డయింగ్ ఫీల్డ్". అంటే, ఇక ఎవరికీ అక్కర్లేకుండా పోతున్న విద్యలో ఆరితేరిన మనిషి అని. ప్రేమించిన మనిషి దూరమయ్యాడు, అతని గురించి తెలుసుకున్నదంతా మాత్రం బుర్రలో ఉండిపోయింది, దాన్నేం చేసుకోవాలి అనేది పాట సారాంశం. రాసినావిడ ప్రేమ గురించే రాసింది. నేను మాత్రం గిన్నెలు తోముతూ కొళాయి కట్టేసి నిలబడిపోయాను. మా అమ్మాయికి పెరుగన్నంలో దానిమ్మ గింజలు ఉండాలి, మామిడికాయ ముక్క ఉండకూడదు. జ్వరం వచ్చే ముందు రోజు మాట తగ్గిపోతుంది. పరీక్ష బాగా రాయకపోతే ముందు చెప్పులు సర్దుతుంది. పద్దెనిమిదేళ్లు పట్టి నేర్చుకున్న ఈ విద్యలన్నీ ఇప్పుడు ఎక్కడ వాడను?

ఆ రోజు నేను దానికి తిన్నావా అని కాదు, "ఇలాంటివి ఇంకేం ఉన్నాయి?" అని మెసేజ్ పెట్టాను.

ఇలాంటి సంగీతాన్ని పవర్ పాప్ అంటారని అప్పుడే తెలిసింది. ఆ మాటని మొదట వాడింది ద హూ అనే ఇంగ్లండ్ బ్యాండులోని పీట్ టౌన్‌షెండ్, 1967లో, తమ సంగీతం గురించి చెబుతూ. బీటిల్స్ లాగా వెంటనే నోటికొచ్చే తియ్యటి వరస, నలుగురు కలిసి పలికే గొంతులు, వాటి మీద గట్టిగా మోగే గిటార్లు, అంతా మూడు నిమిషాల్లో. మా గోదావరి వైపు వాళ్లకైతే ఒక్క ముక్కలో చెబుతాను. బెల్లం ఆవకాయ. ముందు ఘాటు తగులుతుంది, తీపి మెల్లిగా తెలుస్తుంది. చాలా పాటల్లో మాటలు దిగులుగా ఉంటాయి, వరస మాత్రం గంతులు వేస్తుంది. ఏడుపొస్తున్నా చుట్టాల ముందు నవ్వుతూ కాఫీలు అందించిన వాళ్లకి ఈ కిటుకు విడమరిచి చెప్పక్కర్లేదు.

తరవాత నా అంతట నేనే వెతకడం నేర్చుకున్నాను. బ్యాండ్‌క్యాంప్ అని 2008లో మొదలైన సైటు ఉంది. పెద్ద కంపెనీల అండ లేని సంగీతకారులు చాలామంది తమ పాటలు అక్కడ నేరుగా అమ్ముకుంటారు. ఒక్కో ఆల్బం కింద దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒక బొమ్మ నొక్కితే ఆ మనిషి ఇంకేం కొన్నాడో అంతా కనబడుతుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు చూడ్డానికి పక్కింటికి వెళ్లినట్టు. ఎవరో ఏమిటో తెలియదు, మన దగ్గరున్న బొమ్మే వాళ్ల మెట్టు మీదా ఉందంటే రుచి కలిసినట్టే, మిగతా బొమ్మలు కూడా చూడొచ్చు. నాకది ఆ రికార్డింగ్ షాపతను నింపిన మిగులు టేపులా ఉంటుంది.

2015 జూలై నుంచి ప్రపంచమంతా కొత్త ఆల్బంలు శుక్రవారమే విడుదల చేస్తున్నారు. మన ఇళ్లలో శుక్రవారం అంటే తెలుసుగా. తలంటు, గడపకి పసుపు, అమ్మవారికి పరమాన్నం. నేను ఈ పనులన్నీ అయ్యాక మధ్యాహ్నం మూడింటికి చెవుల్లో పెట్టుకుని కూర్చుంటాను. అత్తయ్యగారు మొదట్లో వింతగా చూసేవారు. ఒకరోజు ఆవిడ చెవిలో కూడా పెట్టాను. ద లెమన్ ట్విగ్స్ అని, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌కి చెందిన అన్నదమ్ములు, 2023లో వచ్చిన "ఎవ్రీథింగ్ హార్మొనీ" వాళ్లది. ఒకే తల్లి బిడ్డల గొంతులు కలిస్తే ఉండే నునుపు వేరు. కళ్లు మూసుకుని రెండు పాటలు విన్నారు. "పాతకాలం పాటల్లా ఉన్నాయే. వీళ్ల నాన్న కూడా పాడతాడా?" అన్నారు. నిజంగానే వాళ్ల నాన్న రానీ డడారియో డెబ్భైల నుంచీ సొంతంగా పాటలు రాసి రికార్డు చేసుకున్నవాడు. 2018 నాటి వాళ్ల ఆల్బంలో అమ్మ చేత కూడా పాడించారు, అమ్మ పాత్రకే. అది చెబితే "మరి అంతే, ఇంట్లో ఉండాలి" అని తీర్పిచ్చేశారు.

అసలు పేచీ డబ్బు దగ్గర వచ్చింది. ఊరికే వినగలిగే పాటకి 600 రూపాయలు ఎందుకు పెట్టడం అని మా వారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. నేను ఇంటి ఖర్చుల్లో మిగిల్చుకున్న డబ్బే, అయినా అడిగారు కాబట్టి చెప్పాలి. "మన వీధి చివర పచ్చళ్లావిడ రుచి చూడమని ముక్క ఊరికే పెడుతుంది. రోజూ ముక్క తిని వచ్చేస్తే వచ్చే ఏడు ఆవిడ జాడీ పెడుతుందా?" అన్నాను. ఆయన కాసేపాగి "కార్డులో ఇంటర్నేషనల్ ఆన్ చెయ్యాలి, ఇలా ఇవ్వు" అన్నారు.

కార్డు సిద్ధమైంది కానీ అత్తయ్యగారి చిక్కు ఒకటి మిగిలింది. బ్యాండ్‌క్యాంప్ మామూలు రోజుల్లో డిజిటల్ ఆల్బం మీద 15 శాతం తీసుకుంటుంది. 2020 మార్చి 20న, కోవిడ్ వల్ల కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు, ఒక శుక్రవారం తన వాటా పూర్తిగా వదులుకుంది. అప్పటి నుంచి కొన్ని నెలల్లో ఒక శుక్రవారం అలా చేస్తోంది. కొంటే ఆ రోజే కొనాలి, పాడినవాళ్లకి ఎక్కువ ముడుతుంది. అత్తయ్యగారేమో శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటిస్తావా అంటారు. ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నారు. చివరికి గడియారమే దారి చూపించింది. ఆ శుక్రవారం కాలిఫోర్నియా వైపు శుక్రవారం. మనకి శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర దాకా అక్కడ ఇంకా శుక్రవారమే. అందుకని శనివారం పొద్దున్న టిఫిన్లయ్యాక కొంటాను. శనివారం నూనె, ఇనుము కొనకూడదు కానీ పాట కొనకూడదని ఎక్కడా లేదని అత్తయ్యగారే అన్నారు.

2024లో అలా ఒకరి కొలువులో లిక్విడ్ మైక్ అనే బ్యాండు దొరికింది. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున మార్కెట్ అనే చిన్న ఊరు, మిషిగన్ రాష్ట్రం. చాలా పాటలు రెండు నిమిషాలకే అయిపోతాయి. అవి రాసి పాడే మైక్ మేపుల్ ఉద్యోగం ఏమిటో తెలుసా? పోస్ట్‌మాన్. ఇంటింటికీ ఉత్తరాలు పంచుతాడు.

మా నాన్నగారూ పోస్ట్‌మానే. కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెలు ఆయన బీటు. కాలువ గట్టు మీద సైకిల్ తొక్కుతూ నాటక పద్యాలు పాడేవారు. మనియార్డర్ తీసుకున్న ముసలమ్మలు వేలిముద్ర వేశాక "ఒక పద్యం అందుకో బాబూ" అనేవారట. శ్రీరామనవమి పందిట్లో తప్ప ఎక్కడా మైకు ముందు నిలబడలేదు. ఆయన రాగం తీస్తే ఎలా ఉండేదో నాకు చెవుల్లో ఉంది, అంతే. క్యాసెట్లు మా ఇంట్లో ఇన్ని ఉండేవి, ఒక్క దాంట్లోనూ ఆయన గొంతు లేదు. 2009లో పోయారు.

పాట బాగున్నంత మాత్రాన నిలబడదు. పవర్ పాప్ అభిమానులు దేవుళ్లలా చూసుకునే బిగ్ స్టార్ అనే బ్యాండు ఉంది, అమెరికాలో మెంఫిస్ వాళ్లది. ఆ పేరు అక్కడి ఒక సరుకుల దుకాణాలది. 1972లో వచ్చిన మొదటి ఆల్బంకి "నంబర్ వన్ రికార్డ్" అని ఆశగా పేరు పెట్టుకున్నారు. విన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. కానీ పంపిణీ సరిగ్గా లేక షాపులకి చేరనే లేదు. అందులోని క్రిస్ బెల్ 1978లో, 27 ఏళ్లకే, కారు ప్రమాదంలో పోయాడు. ఆ పాటలు ఎంతమందిని తయారుచేశాయో చూసుకోకుండానే. ఇన్నాళ్ల తరవాత కాకినాడలో నేను వింటున్నానంటే, మధ్యలో ఎవరో ఒకరు ఇంకొకరికి "విను" అని ఇస్తూ వచ్చారు కాబట్టి. మా అమ్మాయి నాకిచ్చినట్టు.

పోస్ట్‌మాన్ పాటని దానికి పంపాను. అది వినలేదు! మొదటిసారి నేను ముందు. "అమ్మా, ఇది నీకెక్కడ దొరికింది?" అని వెంటనే కాల్ చేసింది. చెప్పాను. కాసేపు ఊరుకుని "తాతయ్య ఏం పాడేవారు?" అంది. దానికి తాతయ్య పోయేనాటికి ఎనిమిదేళ్లు. సరిగ్గా గుర్తులేదు. నాకొచ్చినంతలో, నా గొంతులో, ఒక పద్యం ఎత్తుకున్నాను. మధ్యలో రాగం నిలవక నవ్వొచ్చింది. అవతల అది ఫోన్‌లో రికార్డు చేసుకుంటోందని నాకు తరవాత తెలిసింది.

2025 ఆగస్టు 29, శుక్రవారం, ద బెత్స్ కొత్త ఆల్బం వచ్చింది. ఆక్లండ్‌లో అర్ధరాత్రి దాటితే మనకి గురువారం సాయంత్రం ఐదున్నర. వినాయక చవితి మర్నాడు, ఇంట్లో ఇంకా ఉండ్రాళ్లు మిగిలి ఉన్నాయి. అది ముందు వినేసి, నాకు తెల్లారేసరికి మెసేజ్ పెట్టి ఉంచింది. "ఇందులో వాళ్లమ్మ గురించి పాట ఉంది. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు విను." గిటార్ తీగలు మెల్లిగా మీటుతూ పాడిన పాట. దేశం కాని దేశంలో పిల్లని పెంచిన తల్లి, ఆ తల్లిని పూర్తిగా తెలుసుకోవాలని తపనపడే కూతురు. విన్నాక ఏం రాయాలో తోచక "విన్నాను" అని మాత్రం పంపాను. "నాకు తెలుసు" అని జవాబొచ్చింది.

పాల లెక్క రాసుకునే పుస్తకం వెనక అట్ట లోపలివైపు ఇప్పుడు నా జాబితా ఉంటుంది. ఈ వారానికి మూడు పేర్లున్నాయి. ఒకటి నేను పట్టింది, ఒకటి అమ్మాయి పంపింది. మూడోది మా వారు నిన్న పేపర్లో చూసి, ఏమీ అననట్టు, తన చేత్తో రాసి పెట్టింది.