న్యూయార్క్‌లో గుంటూరు కండక్టరు

అమెరికా వెళ్లొచ్చిన తల్లిదండ్రుల్ని ‘ఏం చూశారండీ’ అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. నయాగరా, వైట్‌హౌస్, స్వేచ్ఛా ప్రతిమ, వీలు చిక్కితే పిట్స్‌బర్గ్ వెంకన్న. సెల్‌ఫోన్‌లో ఫొటోలు కూడా అదే వరసలో ఉంటాయి. గుంటూరులో ఉండే ఓ రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరుని అడిగితే మాత్రం మూడే చెబుతారు. డబ్బులు తీసుకోని ఓడ, వేలు చూపించే కండక్టరు, మాట్లాడే గోడ! ‘మరి నయాగరా?’ అంటే ‘టైమ్ దొరకలేదండీ’ అంటారు. రెండు నెలలున్న మనిషికి టైమ్ దొరక్కపోవడమేంటని విన్నవాళ్లు నవ్వుకుంటారు.

ముప్ఫై రెండేళ్ల సర్వీసు ఆయనది. అందులో ఎక్కువ కాలం గుంటూరు - మాచర్ల రూటే. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, గురజాల... రోడ్డు మీది గుంతలు కూడా పేరుపేరునా తెలుసు. 2017లో రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు. 2015లో ఎమ్మెస్ చదవడానికి వెళ్లి అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. ‘ఒంట్లో బాగుందా, డబ్బులున్నాయా’ అని రెండు ముక్కలు అడిగి ‘ఇదిగో మీ అమ్మ’ అంటూ ఫోన్ భార్య చేతికిచ్చేసేవారాయన. మిగతా కబుర్లన్నీ వాళ్లిద్దరివే. 2022లో ఆవిడ పోయారు. ఆ తర్వాత కూడా తండ్రీకొడుకుల మధ్య ఆ రెండు ముక్కలే మిగిలాయి. ఫోన్ అందుకోవడానికి పక్కన మనిషి మాత్రం లేదు.

2024 మేలో కొడుకు పట్టుబట్టి పిలిపించుకున్నాడు. గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు సర్దుకుని, న్యూయార్క్‌లోని జాక్సన్ హైట్స్ అనే పేటలో దిగారాయన.

మర్నాడు పొద్దున్నే పప్పు వండి, ఎండుమిర్చి వేసి తాలింపు పెట్టారు. అంతే... ఇంటి కప్పుకున్న పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. సగం గడ్డం గీసుకున్న కొడుకు తువ్వాలుతో పరుగెత్తుకొచ్చి దాని కింద విసరడం మొదలెట్టాడు. ‘మా బస్సుల్లో కూడా ఇంత గోల బెల్లు లేదురా!’ అన్నారాయన. ఫ్రిజ్ తెరిచి చూస్తే పాలడబ్బా, రెండు గుడ్లు, హోటల్ పార్సిళ్లతో వచ్చిన సాస్ పొట్లాలు. కొడుకు నిలబడే తింటున్నాడు. ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి ఎనిమిది గంటలకల్లా రెండు కంచాలు పెట్టడం మాత్రం మొదలెట్టారు.

టికెట్ అడగని ఓడ

మొదటి శనివారం స్వేచ్ఛా ప్రతిమ చూపిస్తానని కొడుకు ఓడరేవుకి తీసుకెళ్లాడు. మన్‌హటన్ కొస నుంచి స్టాటెన్ ఐలాండ్‌కి వెళ్లే నారింజరంగు ఓడ అది. రాత్రీ పగలూ తిరుగుతుంది. ఎనిమిది కిలోమీటర్ల దూరం. జనం బిలబిలమంటూ లోపలికి వెళ్లిపోతున్నారు.

‘టికెట్ ఏదిరా?’

‘లేదు నాన్నా, ఉచితం. 1997 నుంచి ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు.’

ఆయన అడుగు ముందుకు పడలేదు. టికెట్ లేని ప్రయాణికుల్ని పట్టుకుని దించేసిన మనిషి! చివరికి గేటు దగ్గరున్న ఉద్యోగిని కొడుకు చేత అడిగించి, ఆమె నవ్వుతూ లోపలికి చెయ్యి చూపించాకే ఎక్కారు. ఎక్కాక కూడా చెకింగ్ వాళ్లెవరైనా వస్తారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

కాసేపటికి కుడివైపున ప్రతిమ కనిపించింది. ఫ్రాన్స్ ఇచ్చిన బహుమతి అనీ, 1886లో ఆవిష్కరించారనీ, పైనున్నది రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేని రాగిరేకు అనీ కొడుకు చెప్పుకుంటూ పోతున్నాడు. మొదట్లో రాగిరంగులోనే ఉండేదట, గాలికీ తేమకీ పచ్చబడిపోయిందట.

‘చింతపండు పెట్టి తోమితే వచ్చేస్తుందిగా!’ అన్నారాయన.

ఆ పచ్చటి పొరే లోపలి రాగిని కాపాడుతోందని చెప్పబోయి, కొడుకు నవ్వు ఆపుకోలేకపోయాడు. తండ్రి జోకు వేయగలడని అతనికి అప్పుడే తెలిసింది.

గారె కాదు, గారె లాంటిది

ఇక తిండి సంగతి. బేగల్ చూడగానే ఆయన మొహం వెలిగింది. గుండ్రంగా, మధ్యలో చిల్లుతో అచ్చం గారె! కొరికాక తెలిసింది అసలు సంగతి. దాన్ని ముందు నీళ్లలో ఉడికించి తర్వాత కాలుస్తారు. ‘దవడకి డబుల్ డ్యూటీ’ అని తేల్చేశారు. అయినా సగం వదిలేయలేదు. గోంగూర నంజుకుని పూర్తిచేశారు. పిజ్జా ముక్కని అక్కడివాళ్లు మధ్యకి మడిచి నడుస్తూ తింటుంటే, ‘ఆగే టైమ్ లేని రూటన్నమాట’ అని జాలిపడ్డారు. ఇంటి దగ్గరే టిబెట్ వాళ్లమ్మే మోమోలు మాత్రం తెగ నచ్చాయి.

అసలు పరీక్ష ఫుట్‌పాత్ మీది హలాల్ బండి దగ్గర ఎదురైంది. అన్నం మీద చికెన్ ముక్కలు, పైన తెల్ల సాసు, ఎర్ర సాసు. ఈజిప్టు నుంచి వచ్చిన బండాయన ఎర్రది కొంచెమే వేసి, కారమని సైగ చేశాడు. మిర్చియార్డు ఉన్న ఊరి నుంచి వచ్చిన వాడికా కారం? ‘ఇంకా వెయ్యమనరా’ అన్నారు. ఇంకా వేశాడు. మూడో ముద్దకి ఎక్కిళ్లు, నాలుగోదానికి కళ్లనీళ్లు. బండాయన నీళ్లసీసా ఇచ్చి డబ్బులొద్దన్నాడు. ‘మంచివాడే, చెబితే వినాల్సింది’ అన్నారు ఎక్కిళ్ల మధ్య.

వేలు చూపించే కండక్టరు

కొడుకు ఆఫీసుకెళితే ఆయన ఒక్కరే రైళ్లెక్కడం నేర్చుకున్నారు. 1904లో మొదలైన సబ్‌వే అది. 472 స్టేషన్లు. పక్క స్టేషన్‌లో దిగినా, ఆ చివరిదాకా వెళ్లినా ఒకటే ఛార్జీ. స్టేజీల లెక్క లేదు, చిల్లర గొడవ లేదు. కండక్టర్లకి ఎంత సుఖమో అనుకున్నారు. అసలీ రైళ్లలో కండక్టర్లుంటారా అని చూస్తే... ఉన్నారు!

ఏడో నంబరు రైలు వచ్చి ఆగింది. మధ్య పెట్టె కిటికీలోంచి యూనిఫాం వేసుకున్న మనిషి తల బయటపెట్టి, ఎదురుగా పైకి వేలు చూపించి, తర్వాతే తలుపులు తెరిచాడు. ఎవరినో పిలుస్తున్నాడేమో అనుకున్నారు. తర్వాతి రైలులోనూ అంతే. ఆ తర్వాతి దానిలోనూ. ఆ వేలు చూపించే చోట నలుపూ తెలుపూ చారల బోర్డొకటి వేలాడుతోంది.

రాత్రి భోజనాల దగ్గర కొడుకుని అడిగారు. తొమ్మిదేళ్లుగా అక్కడుంటున్నా అతను ఏనాడూ గమనించలేదు. వెతికి చూసి చెప్పాడు. రైలు సరిగ్గా ఆగితే కండక్టరు కిటికీ ఆ బోర్డుకి ఎదురుగా వస్తుంది. పెట్టెలన్నీ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయని నమ్మకం కుదిరాకే తలుపులు తెరవాలి. చూశానని రుజువుగా వేలు చూపించాలి. 1996 నుంచీ ఈ నిబంధన ఉందట.

‘అదీ పని అంటే’ అన్నారాయన. ‘ఫుట్‌బోర్డు చూసుకోకుండా రైట్ చెప్పకూడదు. ఎక్కే ముసలమ్మ కాలు ఇంకా కిందే ఉంటుంది.’

వచ్చిన శనివారం కథ తిరగబడింది. ‘పద, నీకో వింత చూపిస్తా’ అని తండ్రే కొడుకుని బయల్దేరదీశారు. ఇద్దరూ ఆ చారల బోర్డు కింద అరగంట నిలబడ్డారు. రైలు వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యెత్తుతున్నారు. నాలుగో రైల్లో ఒక కండక్టరమ్మ బోర్డుకి వేలు చూపించి, ఆ వేలే ఈయనవైపు తిప్పి నవ్వింది. ఇక ఆయన నోటికి అడ్డే లేకుండా పోయింది. క్యాష్ బ్యాగు మోసి మోసి కాయకాసిన భుజం గురించి, ఇంటికొచ్చాక కూడా చెవుల్లో మోగే ఇంజను గురించి, పరీక్ష రాసి డబ్బుల్లేక ఆఖరి బస్సు దగ్గర ఏడుస్తూ నిలబడ్డ కుర్రాడికి తన జేబులోంచి టికెట్ కొట్టిన రాత్రి గురించి. కొడుకు వింటూ ఉండిపోయాడు. కాలేజీలో స్నేహితులు అడిగితే ‘మా నాన్న ఆర్టీసీలో పనిచేస్తారు’ అని ఊరుకునేవాడతను. కండక్టరు అన్న మాట ఎప్పుడూ నోటివెంట రాలేదు.

గోడతో చెప్పిన మాట

అదే రైలెక్కితే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్. 1913లో తెరిచిన భవనం. కప్పు మీద నక్షత్రాల బొమ్మలు చూశాక, కింది అంతస్తుకి వెళ్లే దారిలో ఓ కమాను దగ్గర కొడుకు ఆగాడు. ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు గోడకి మొహం పెట్టుకుని నిలబడాలి. ఎంత మెల్లగా మాట్లాడినా ఒంపు తిరిగిన కప్పు వెంట ఆ మాట అవతలి మూలకి చేరిపోతుంది. ‘మన గోల్కొండలో కింద చప్పట్లు కొడితే పైన వినపడినట్టేనా?’ అంటూ ఆయన తన మూలకి వెళ్లారు.

‘నాన్నా, వినపడుతోందా?’

కాసేపు జవాబు లేదు. మధ్యలోంచి జనం పెట్టెలు లాక్కుంటూ పోతున్నారు. అప్పుడు వచ్చింది గోడలోంచి ఆయన గొంతు.

‘మీ అమ్మని తీసుకురావాల్సిందిరా. నేనే వాయిదా వేశా. రిటైరయ్యాక అన్నా, మోకాళ్లు తగ్గాక అన్నా...’

ఎదురుగా కూర్చుంటే రెండేళ్లయినా ఆ మాట వచ్చేది కాదు. గోడ కాబట్టి చెప్పగలిగారు.

‘నేనూ వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అన్నాను నాన్నా’ అన్నాడు కొడుకు, అతనూ గోడతోనే.

ఇద్దరూ మధ్యలోకి వచ్చాక ఆ ప్రస్తావన తేలేదు. ఆయన కొడుకు చొక్కాకంటిన సున్నం లాంటిదేదో దులిపారు. ‘పద, ఆకలేస్తోంది’ అన్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆదివారం ఫ్లషింగ్‌లోని గణపతి గుడికి వెళ్లారు. 1977లో కుంభాభిషేకం జరిగిన గుడి. ఆ వీధికి 2022లో గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని పేరు కూడా పెట్టారు. కింద క్యాంటీన్ ఉంది. దోసెలు, ఫిల్టర్ కాఫీ. పక్క బల్ల దగ్గరి తెలుగు కుటుంబం పలకరించింది. ఏ ఊరు, ఎప్పుడొచ్చారు అన్నీ అయ్యాక, ‘అంకుల్ ఏం చేసేవారండీ?’ అని అడిగారు.

ఆయన నోట్లో దోసె ఉంది. కొడుకే చెప్పాడు.

‘బస్సు కండక్టరండీ. గుంటూరు - మాచర్ల. ముప్ఫై రెండేళ్లు.’

ఆయన తలెత్తలేదు. దోసె ముక్క చట్నీలో ముంచి, ‘పచ్చిమిర్చి ఇంకో రెండు పడాలి’ అన్నారు.