తుపాకీ దొరది... దారి కొండవాడిది!

రంపచోడవరం దాటి మారేడుమిల్లి అడవికి వెళ్లేవాళ్ల చేతుల్లో ఇప్పుడు కెమెరాలుంటాయి. ఒకప్పుడు అడవికి వెళ్లడమంటే చాలామంది పెద్దవాళ్లకు వేటే! 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్, విజయనగరం మహారాజ్‌కుమార్ విజ్జీ మూడొందలకు పైగా పులుల్ని కొట్టారని చెబుతారు.

ఆనాటి వేట ఫొటోల్లో దొర, తుపాకీ, కాళ్ల దగ్గర పులి. పాదముద్ర చూసి దాని జాడ చెప్పిన మనిషి మాత్రం కనిపించడు. డప్పులు కొట్టి, కేకలేసి మృగాన్ని మంచె వైపు తోలింది కూడా అలాంటివాళ్లే. ప్రాణాలకు తెగించింది వాళ్లు, పేరు దొరకు!

1970లో పులివేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అడవికి అది తప్పనిసరే. కానీ దొర సరదాకీ కొండవాడి కూటికీ ఒకటే శిక్ష. మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు విల్లంబులతో వేటకెళ్లే ఆనవాయితీ కూడా నేరమైపోయింది.

పాపికొండల అడవి 2008లో జాతీయ పార్కయింది. అక్కడ జంతువుల్ని కాపాడాలన్నా, వచ్చినవాళ్లకు చూపించాలన్నా జాడ చదివే ఆ విద్యే కావాలి. వేట పోయినా వేటగాడి చదువు పోకూడదు. ఈసారైనా దారి చూపినవాడికి ఫొటోలో చోటు, రాబడిలో వాటా దక్కాలి.