అందీ అందనంత దూరం

కొట్లాట అనగానే మనకు చేతులే గుర్తుకొస్తాయి. కాళ్ళ సంగతి ఎవరూ తలవరు. చెడుగుడు ఆడినవాళ్ళకీ, కర్రసాము నేర్చినవాళ్ళకీ ఈ మాట చెప్పనక్కర లేదు గాని, టీవీకి తగిలించి ఆడే ఈ కాలపు కొట్లాట బొమ్మలాటలో కూడా గెలుపు కాళ్ళదేనంటే మీరు నవ్వుతారేమో. నవ్వండి, ఫరవాలేదు. మా ఆవిడ ఏడాదిగా నవ్వుతూనే ఉంది.

ఆట పేరు టెక్కెన్. జపాను భాషలో ఇనుప పిడికిలి అని అర్థం. 1994లో అక్కడి ఆటశాలల్లో డబ్బులు వేసి ఆడే పెట్టెగా పుట్టి, 2024 జనవరిలో ఎనిమిదో కూర్పు వెలువడింది. ఇద్దరు మనుషులు, చెరొక బొమ్మ, అరవై సెకన్ల గడువు. ఎవరి బొమ్మ ప్రాణం ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన నావంటివాడికి ఇందులో ఏం పని అంటారా? చెప్తాను.

ఈ పెట్టెను రాజమండ్రిలో మా ఇంటికి తెచ్చినవాడు మా మేనల్లుడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూండేవాడు. ఒకనాడు పొద్దున్న ఈమెయిలు వచ్చింది. సాయంత్రానికి ఉద్యోగం లేదు. నాలుగు రోజులుండి పోతానని వచ్చినవాడు నాలుగు నెలలైనా కదల్లేదు. భోజనానికి పిలిస్తే వస్తాడు, "చాలు అత్తయ్యా" అంటాడు, చెయ్యి కడుక్కుని మళ్ళీ ఆ పెట్టె ముందు కూర్చుంటాడు. రోజూ రాత్రి తొమ్మిదింటికి మా చెల్లెలి ఫోను. "అన్నయ్యా, వాడేమైనా మాట్లాడాడా?" మాట్లాడితే గదా నేను చెప్పటానికి! ఒక రాత్రి ఏమీ తోచక వాడి పక్కన చతికిలబడి, "ఆ రెండో కంట్రోలర్ నాకియ్యరా" అన్నాను.

వాడు నాకు పాల్ అనే అమెరికా వస్తాదును ఇచ్చాడు. ఆ వస్తాదుకు ఒక గుద్దు ఉంది. తగిలిందా, ఎదటివాడి ప్రాణంలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. నేను అదే గుద్దు గుద్దుతూ కూర్చున్నాను. మావాడి బొమ్మ అరడుగు వెనక్కి జరిగేది, నా గుద్దు గాలికి పోయేది, ఆ చెయ్యి వెనక్కి తీసుకునేలోగా నన్ను గాలిలోకి ఎగరేసి ఏకబిగిని వాయించేవాడు. పదకొండు ఆటలు ఇలాగే గడిచాయి. పన్నెండో ఆటలో నాకు మా ఊరి చెరువుగట్టు జ్ఞాపకం వచ్చింది. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు చేసేది కూడా ఇదే గదా! మూలనున్న పట్టుగాడి చేతికి అందీ అందనట్టు కాలు చాపుతాడు. వాడు మడమ మీదికి దూకుతాడు. కాలు అక్కడ ఉండదు. దూకినవాడు తేరుకునేలోగా వీపు మీద చెయ్యేసి గీత దాటేస్తాడు.

"ఇది చెడుగుడు రా!" అన్నాను. నాలుగు నెలల్లో మొదటిసారి వాడు నా మొహంలోకి చూశాడు.

ఎందుకిలా అన్నదానికి లెక్క ఉంది. ఈ ఆటలో సెకనుకు అరవై బొమ్మలు కదులుతాయి. అన్నిటికన్నా వేగమైన గుద్దు పదో బొమ్మకు తగులుతుంది, అంటే సెకనులో ఆరోవంతు. కంటితో చూసి చెయ్యి కదపటానికి మనిషికి సుమారు సెకనులో నాలుగోవంతు పడుతుంది. అంటే పదిహేను బొమ్మలు. గుద్దును చూసి కాచుకోవటం మానవమాత్రుడికి సాధ్యం కాదన్నమాట. కనుక ముందుగా ఊహించి కాచుకోవాలి, లేదా గుద్దు అందని చోట నిలబడాలి. అందని చోటంటే మరీ దూరం పోకూడదు. అక్కడినుంచి మనమూ కొట్టలేం. అందీ అందనంత దూరం. ఆ జానెడు జాగా కోసమే కొట్లాటంతా.

ఆ జాగాలోకి వస్తూ పోతూ ఉండటానికి కొరియా ఆటగాళ్ళ వల్ల ప్రసిద్ధికెక్కిన ఒక విద్య ఉంది. కొరియన్ బ్యాక్‌డాష్ అంటారు. వెనక్కి అని రెండుసార్లు నొక్కితే బొమ్మ వెనక్కి ఒక గెంతు వేస్తుంది. వేసి, కాసేపు నిలదొక్కుకుంటుంది. ఆ కాసేపే ప్రాణాంతకం. అంచేత గెంతు పూర్తికాకుండానే వెనక్కీ కిందికీ మధ్యనున్న మూలకు బొటనవేలు జార్చాలి. బొమ్మ కూర్చోబోతుంది, గెంతు రద్దవుతుంది. వెంటనే మళ్ళీ వెనక్కి. వెనక్కి, మూల, వెనక్కి, మూల. కుదిరితే బొమ్మ నీళ్ళమీద జారినట్టు జారుతుంది. కుదరకపోతే మధ్యలో గొంతుకూచుని తన్నులు తింటుంది. నాకు ఎడమవైపు నిలబడి కుదరటానికి మూడు వారాలు పట్టింది. తీరా చూస్తే, బొమ్మ కుడివైపు ఉన్నప్పుడు వెనక్కి అంటే అటువైపు! మళ్ళీ మొదటినుంచి. బొటనవేలికి మా ఆవిడ కొబ్బరినూనె రాస్తూ, "ఈ వయసులో ఈ కాయకష్టమేమిటండీ" అంది.

విద్య వచ్చాక ఇంకో చిక్కు. తాళం వేసినట్టు ఒకే లయలో వెనక్కి జారుతూంటే ఎదటివాడికి ఆ లయ పట్టుబడిపోతుంది. రెండు తాళాల మధ్యన పరుగున వచ్చి పడతాడు. ఇక వెనక గోడ ఉందంటే చెప్పేదేముంది. కాబట్టి ఓసారి రెండు గెంతులు, ఓసారి ఒకటే వేసి ఆగటం, ఓసారి పక్కకు అడుగు, ఓసారి ముందుకే. కష్టపడి లయ నేర్చుకుని, ఆపైన దాన్ని తప్పటం నేర్చుకోవాలి. సంగీతం మేష్టార్లు క్షమించాలి.

ఈ విద్యకు ఎక్కడెక్కడ ఎవరున్నారని అడిగితే మావాడు లాహోరు కథ చెప్పాడు. ఆ రాత్రి వాడు చెప్పినంత మాటలు అంతకు ముందు నాలుగు నెలలూ కలిపి చెప్పలేదు. 2019 ఫిబ్రవరిలో జపానులో ఈవో అనే పెద్ద పోటీకి అర్సలాన్ యాష్ అన్న పేరుతో ఆడే పాకిస్తాను కుర్రవాడు ఒకడు వచ్చాడు. అక్కడివాళ్ళలో అతన్ని ఎరిగినవాళ్ళు తక్కువ. గెలిచాడు. మా లాహోరులో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నాడు. ఆ ఏడు ఆగస్టులో అమెరికాలో లాస్ వేగాస్ పోటీ తుదిపోరులో 'నీ' అనే కొరియా మహారథిని ఓడించి అదీ గెలిచాడు. ('నీ' అంటే ఇంగ్లీషు మోకాలు సుమండీ.) ఆ కొరియా ఆయన స్వయంగా పాకిస్తాను వెళ్ళి ఆడితే, అక్కడ ఊరూ పేరూ తెలియని కుర్రాళ్ళ చేతుల్లో కూడా ఓడిపోయాడట. గొప్ప యంత్రాలూ జీతాలిచ్చే జట్లూ లేని సందుల్లో, పొద్దస్తమానం ఒకరితో ఒకరు ఆడి ఆడి సంపాదించిన విద్య. నాకు ఆ సందులు చూడకుండానే కళ్ళకు కట్టాయి.

నడక వచ్చింది. ఇక ఎదటివాడి ఊహకు అందకుండా ఉండటం ఎలా? ఇక్కడికొచ్చేసరికి నా ఉద్యోగం నాకు దొరికింది.

గుప్పిట్లో చింతగింజలు పట్టుకుని "సరా, బేసా?" అని ఆడిన ఆట మీకు జ్ఞాపకముందా? ఎప్పుడూ సరి పట్టేవాడి గింజలన్నీ పది నిమిషాల్లో మన ఒళ్ళోకి వస్తాయి. సరి, బేసి, సరి, బేసి అని వరస మార్చేవాడు తెలివైనవాణ్ణనుకుంటాడు, వాడి గింజలూ వస్తాయి. 1928లో జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే హంగరీ గణితవేత్త ఇలాంటి ఆటలకు సిద్ధాంతం రాశాడు. ఒకరి లాభం రెండోవారి నష్టమయ్యే ఆటలో, ఎదటివాడెంత గట్టివాడైనా ఇంతకు మించి మనం నష్టపోకుండా ఎత్తులను కలిపే పాళ్ళు తప్పకుండా ఉంటాయన్నాడు.

టెక్కెన్‌లో నిలబడి కాచుకుంటే నడుము దెబ్బ ఆగుతుంది, కాలి దెబ్బ తగులుతుంది. కూర్చుని కాచుకుంటే కాలి దెబ్బ ఆగుతుంది, నడుము దెబ్బ తగిలి బొమ్మ గాలిలోకి లేస్తుంది. మాటవరసకు కాలి దెబ్బకు నష్టం 20, నడుము దెబ్బకు 60 అనుకోండి. క్యాలెండరు కాగితం వెనక లెక్క వేసి చూపించాను. కాచుకునేవాడు నాలుగింట ఒకసారి కూర్చోవాలి. ఇది ఎవరైనా ఊహిస్తారు. కొట్టేవాడి పాళ్ళు చూడండి: చిన్నదైన కాలి దెబ్బ మూడుసార్లు, పెద్దది ఒక్కసారి! మావాడు కాగితం లాక్కుని మళ్ళీ మళ్ళీ చూశాడు. "నేను సరిగ్గా తిరగేసి ఆడుతున్నా మామయ్యా" అన్నాడు. ఆగిన కాలి దెబ్బకు శిక్ష ఉంటుంది గనుక అసలు ఆటలో పాళ్ళు మారతాయి. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

పాళ్ళు తెలిసినంత మాత్రాన కలపటం రాదు. బొమ్మా బొరుసూ తోచినట్టు వందసార్లు రాయమనండి, వరసగా అయిదు బొమ్మలు రాయటానికి ఎవరికీ చెయ్యి రాదు. నిజంగా నాణెం ఎగరేస్తే అవి వచ్చి పడుతూంటాయి. 2003లో పలాసియోస్-వెర్తా అనే ఆర్థికశాస్త్రవేత్త వెయ్యికి పైగా ఫుట్‌బాల్ పెనాల్టీ కిక్కులు పరిశీలించి, పేరున్న ఆటగాళ్ళు మాత్రం కుడి ఎడమల్ని సిద్ధాంతం చెప్పినట్టే కలుపుతున్నారని చూపాడు. మనం పేరున్నవాళ్ళం కాము గదా! అంచేత ఒక ఉపాయం పెట్టాను. తెర పైన గడియారం అరవై నుంచి కిందికి దిగుతూంటుంది. కొట్టబోయే ముందు ఒక చూపు దానిమీద వెయ్యి. అంకె నాలుగుతో భాగించబడితే పెద్ద దెబ్బ, లేకపోతే చిన్నది. 48కి పెద్దది, 47కి చిన్నది. "ఇది లెక్కల మేష్టారి చాదస్తం" అన్నాడు గాని, వాడి చూపు పైకి పోతూండటం నేను గమనిస్తూనే ఉన్నాను.

అయితే ఈ పాళ్ళు మనల్ని కాపాడతాయి గాని గెలిపించవు. గెలవాలంటే ఎదటివాడి అలవాటు పట్టుకోవాలి. ఎనిమిదో కూర్పులో దానికో వింత ఉంది. మన ఆట తీరు గమనించి, మనలాగే ఆడే 'ఘోస్ట్'ను యంత్రం తయారుచేస్తుంది. దయ్యమన్నమాట. మధ్యాహ్నం వాడు నిద్రపోతే నేను వాడి దయ్యంతో ఆడేవాణ్ణి, పక్కన నోటుబుక్కులో గీతలు పెట్టుకుంటూ. నాలుగో రోజుకు తేలింది. వరసగా రెండు దెబ్బలు తిని కిందపడ్డాక, లేస్తూ లేస్తూనే కాలు విసురుతుంది. ఇరవైసార్లలో పదిహేడుసార్లు. కాచుకుంటే చాలు, మళ్ళీ పడగొట్టవచ్చు.

సాయంత్రం నోటుబుక్కు వాడి ముందు పెట్టాను. "దయ్యమా, నేనా?" అన్నాడు. ఆడి చూశాం. వాడే. చాలాసేపు ఆ గీతల వంక చూస్తూ కూర్చుని, నెమ్మదిగా, ఉద్యోగం పోయిన పొద్దున్న ఆ ఈమెయిలు పూర్తిగా చదవకుండానే పై అధికారికి తిరుగుటపాలో ఏం రాసిందీ చెప్పాడు. వేరే శాఖలో చోటు చూస్తానని ఆయన అదే ఈమెయిలు చివర రాశాడట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను ఏమీ అనలేదు. కాఫీ తాగి మళ్ళీ ఆడాం.

కిందపడ్డ బొమ్మకు దారులు చాలా ఉన్నాయి. అలాగే పడుకోవచ్చు, పక్కకు దొర్లవచ్చు, కాచుకుంటూ లేవవచ్చు. వారం రోజులు వాడు అవే సాధన చేశాడు. ఆ వారంలోనే ఒక రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక ఉత్తరం నాలుగుసార్లు చెరిపి అయిదోసారి పంపాడు. ఎవరికని నేను అడగలేదు. రెండు నెలలకు బెంగుళూరులో వేరే కంపెనీలో పని దొరికింది. పెట్టె మాకే వదిలేసి, అక్కడ ఇంకొకటి కొనుక్కున్నాడు.

మా టీవీలో ఉన్న దయ్యం మాత్రం పాతదే. పడగానే కాలు విసురుతూనే ఉంటుంది. మధ్యాహ్నాలు దాన్ని సులువుగా గెలుస్తాను. ఆదివారం రాత్రుళ్ళు అసలువాడు బెంగుళూరు నుంచి ఆడతాడు. మొన్నటి ఆదివారం చివరి ఆటలో పాల్ గుద్దు తగిలి వాడి బొమ్మ కిందపడింది. ఇద్దరికీ ప్రాణం వెంట్రుకవాసి. నేను ఆ కాలి కోసం కాచుకుని కూర్చున్నాను. లేవలేదు. గడియారం 13, 12, 11. ఇక విసరడని తోచి, లేచి ఒక అడుగు ముందుకు వేశాను.

అప్పుడు విసిరాడు కాలు.

ఫోనులో ఒకటే నవ్వు. "గడియారం చూశావా మామయ్యా? పది. నాలుగుతో భాగించబడదు."