తృణద్రుమములు: వికారాబాదునుండి తాండూరునకు



మా వారికి తాండూరునకు బదిలీ యైనపుడు సామానులతో బాటు పదునొకండు కుండీలను గూడ లారీకెక్కించితిని. మంచములకంటె మట్టియే యెక్కువ బరువని వారు పరిహాసమాడిరి. ఆ కుండీలలో పూలమొక్కలు రెండే. తక్కినవన్నియు తాటియాకువలెనో, కొబ్బరిమట్టవలెనో ఆకులు విచ్చుకొను అలంకారపు మొక్కలు. ఏడేండ్లుగా బిడ్డలవలె పెంచుకొన్నవి.

వికారాబాదున వానికేమియు లోటుండలేదు. అనంతగిరి కొండల చల్లదనము, మూసీనది పుట్టిన ఆ యెఱ్ఱనేల, వేరుల కడ నిలువక దిగిపోవు వాననీరు వానికి సరిపడినవి. అరీకాపామ్ అను మొక్క జన్మస్థానము మడగాస్కరు ద్వీపము. అంతదూరపు మొక్క మా వాకిట గుబురుగా పెరిగి ఆళ్వేరిచాపంత నీడ నిచ్చెడిది.

రైలుమార్గమున తాండూరు సుమారు 40 కిలోమీటర్లు. కిటికీ దగ్గర కూర్చుండి చూచినచో ధారూరు దాటిన పిమ్మట నేల రంగు క్రమముగా మాఱుట తెలియును. ఎఱుపు వెనుకబడి నల్లరేగడి ముందుకు వచ్చును. కందిచేలు కనబడును, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరు సమీపించినకొలది నాపరాతి గనులు, నీలపు బండలు, పసుపు బండలు, వానిని కోసి నునుపుచేయు కర్మాగారములు. గాలి వీచినపుడు సన్నని రాతిపొడి ఆకులపై వాలును. మన యిండ్లలో కాలిక్రింద చల్లగా నుండు బండ యిచ్చటిదే గదా యని మొదట సంతసించితిని.

ఏడాది తిరుగకముందే అరీకా క్రొత్తయాకులు పసుపుబాఱినవి. నీరు చాలలేదనుకొని మఱికొంత పోసితిని. అది యింకను పాలిపోయెను. ఎరువు వేసితిని, ఫలము లేదు. చివరకు మొవ్వు ఎండిపోయినది. ఆ దినమున నాకు అన్నము సయింపలేదు. తరువాత తెలిసికొంటిని: సున్నపుఱాతి నేలలో, సున్నము గల బావినీటిలో ఇనుమున్నను మొక్క దానిని గ్రహింపజాలదు. ఇనుము లేనిదే ఆకునకు పచ్చదనము లేదు. నేను ప్రేమతో పోసిన నీరే దానిని చంపినది.

ఈ మొక్కలన్నిటిని అంగళ్లలో ‘పామ్’ అనియే అమ్ముదురు. మా తండ్రిగారు చిన్ననాట నాచే అమరకోశము వల్లె వేయించిరి. అందు ఖర్జూరము, తాళి మున్నగువానిని తృణద్రుమములని, అనగా గడ్డిజాతి వృక్షములని చెప్పినారు. నేటి శాస్త్రజ్ఞులును తాడి, కొబ్బరి, ఈతలను గడ్డివలె ఏకదళబీజములని చెప్పుట చూచి ఆశ్చర్యపడితిని. అమరసింహుడు మొగలిని గూడ అందే చేర్చెను. మొగలి తాడిజాతి కాకున్నను చూపునకు అట్లే యుండును. విసనకఱ్ఱవలె విచ్చుకొను ‘బాటసారి తాడి’యు తాడి కాదు.

అన్నిటికంటె మోసపుచ్చునది సైకస్. మా పొరుగింట ఒకటి కలదు. కొబ్బరి పిల్లవలె నుండును గాని దానికిని కొబ్బరికిని చుట్టఱికము లేదు. పూవు పూయని ప్రాచీనజాతి అది. దానిని ‘సాగోపామ్’ అందురు. ఒకనాడు పొరుగింటి చిన్నామె చేట నిండ ఎఱ్ఱని గింజలు తెచ్చి, “అక్కా, ఇది సగ్గుబియ్యం చెట్టంట గద! దంచి పాయసం చెయ్యొచ్చా?” అని యడిగెను. ఆమె కుమారుడు అప్పటికే ఒక గింజ చేతబట్టి గోటితో గీఱుచుండెను. నా గుండె ఝల్లుమన్నది. గింజ లాగికొని, బాలుని నోరు తెఱచి చూచి, చేతులు కడిగితిని. దైవకృపచే లోనికి పోలేదు.

ఆ గింజ కాలేయమును చెఱచు విషము. చెట్టు అంతయు విషమే గాని గింజలో మఱింత యెక్కువ. కుక్కలు తిని చచ్చుట కలదు. మనము వండుకొను సగ్గుబియ్యము సేలము, సామర్లకోట ప్రాంతములలో కఱ్ఱపెండలపు దుంపలనుండి చేయుదురు. పిల్లలున్న యింట సైకస్‌ను పెంచదలచినచో గింజ పట్టగానే కోసి పాతిపెట్టవలెను. తిరుపతి దగ్గఱి శేషాచలమున పెరుగు పేరీత యును సైకస్ జాతియే. అది మఱెచ్చటను సహజముగా పెరుగదు గనుక దాని వ్యాపారముపై అంతర్జాతీయముగా కఠిన నిర్బంధము కలదు. ఎవరైన అడవినుండి తెచ్చితిమని అమ్మజూపినచో కొనకుడు.

తాండూరున నేలలో నాటుటకు నేనిపుడు ఈతనే మెచ్చుకొందును. చీపురునకును చాపకును తప్ప తలచుకొనని ఆ చెట్టు సున్నపునేలను లక్ష్యపెట్టదు. కాలువగట్టున కంకరలో మొలచిన ఒక పిల్లను తెచ్చి దక్షిణపు గోడకడ నాటితిని. ముండ్లు గుచ్చుకొనునని మా వారు సణిగిరి. నిజమే, గుచ్చుకొన్నవి.

అరీకాపై మనసు మాత్రము పోలేదు. వికారాబాదు వెళ్లినప్పుడెల్ల గోనెసంచిలో ఎఱ్ఱమన్ను తెచ్చుచున్నాను. రైలులో అందఱును వింతగా చూచెదరు. దానిలో మాగిన ఆకులెరువు కలిపి కుండీ నింపి, చూరునీరు పట్టియుంచి అదియే పోయుచు, వారమునకొకమాఱు ఆకులమీది రాతిపొడిని తడిగుడ్డతో తుడుచుచున్నాను. ఈ శ్రావణమున వేసిన మూడు ఆకులును పచ్చగానే యున్నవి. నాలుగవది యింకను విచ్చుకొనలేదు.