తురాయి పూల రేవు

మే నెలలో హైఫాంగ్ వీధుల్లో తురాయి చెట్లు విరగబూస్తాయి. వియత్నాం వాళ్లు ఈ ఊరిని ఎర్ర తురాయి నగరమనే పిలుచుకుంటారు. హాలాంగ్ బేకి పరుగెత్తే పర్యాటకులకు మాత్రం ఇది బస్సు కిటికీలోంచి కనిపించే క్రేన్ల వరస. రేవులో చూడ్డానికేముంది అంటారు. నిజమే, కామ్ నది నీళ్లు మట్టిరంగే, లారీల రొదా తక్కువేం కాదు. కానీ 1946లో రేవు సుంకం తగువు ముదిరి ఫ్రెంచి ఫిరంగులు పేలిందీ, 1972లో అమెరికా నీటి అడుగున మందుపాతరలు పరిచిందీ ఇక్కడే. దేశానికి ప్రాణనాడి కాకపోతే శత్రువుకి అంత శ్రమ ఎందుకు? ఆ బరువంతా మోసిన ఊరు పొద్దున్నే పొట్టి స్టూళ్ల మీద కూర్చుని, పీతల పులుసులో గోధుమరంగు బియ్యపు నూడుల్స్, బాన్ దా కువా, ఆవిర్లు కక్కుతుండగా జుర్రుకుంటుంది. హాలాంగ్ వెళ్లేవాళ్లు ఒక్క పూట ఇక్కడ దిగండి. వేసవి దాటితే తురాయిలు రాలిపోతాయి.