‘లేదు’ అని నేను రాసిన గడి: వృద్ధాశ్రమాల్లో డిమెన్షియా లెక్క



‘వృద్ధుల సంక్షేమం’ మీద ప్రశ్న వస్తే మీ సమాధానంలో మొదటి వాక్యం ఏమిటో నేను ఊహించగలను. "దేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది." అశోక్‌నగర్ రూమ్‌లో కూర్చుని నేనూ పదిసార్లు అదే రాశాను. అంకె సరైనదే. కానీ అది ఎవరిని లెక్కపెట్టింది, ఎవరిని వదిలేసింది అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం మా నానమ్మ వల్ల వచ్చింది.

నానమ్మ నలభై ఏళ్లు బీడీలు చుట్టింది. బడికి పోలేదు. రెండేళ్ల కిందట చుట్టాల పేర్లు మరిచిపోవడం మొదలైంది. తర్వాత అన్నం తిని, పది నిమిషాలకే "ఇంకా వడ్డించలేదేం" అని అడిగేది. ఇంట్లో అందరం దానికి ఒకటే పేరు పెట్టాం: చాదస్తం. ఆ మాట అనేశాక ఇక డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు?

పోయిన ఏడాది అమ్మకు నడుము ఆపరేషన్ అయింది. బాపుకు ఆర్టీసీలో నైట్ డ్యూటీలు. నాకు మెయిన్స్ దగ్గర పడింది. ఇంటికి వెళ్లి మూడు నెలలు నానమ్మను చూసుకోవచ్చు. వెళ్లలేదు. బదులుగా జిల్లాలోనే ఒక వృద్ధాశ్రమం చూశాం. ఇంట్లో ఫారాలు నింపేది నేనే కాబట్టి ఆ దరఖాస్తు కూడా నేనే నింపాను. "తన పనులు తాను చేసుకోగలరా?" అవును. "మతిమరుపు, మానసిక సమస్యలు ఏమైనా ఉన్నాయా?" బాపు నా ముఖం చూశాడు. ఉందని రాస్తే చేర్చుకోరని మాకు తెలుసు. ‘లేదు’ అని రాశాను.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం.

7.4 శాతం అన్నది ‘లాసీ-డ్యాడ్’ అధ్యయనం ఇచ్చిన అంచనా. 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. స్త్రీలలో 9 శాతం, పురుషులలో 5.8 శాతం. పల్లెల్లో 8.4 శాతం, పట్టణాల్లో 5.3 శాతం. 2036 నాటికి ఈ సంఖ్య 1.69 కోట్లకు చేరవచ్చని అంచనా. ఇవి గుర్తుపెట్టుకోండి. వీటితో పాటు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి: ఆ అధ్యయనానికి ఆధారమైన లాసీ అనేది కుటుంబాల సర్వే. ఇళ్ల జాబితాలోంచి నమూనా తీస్తారు. వృద్ధాశ్రమంలో మంచం మీదున్న మనిషి ఆ జాబితాలో ఉండదు. అంటే నానమ్మ గడప దాటిన రోజే సర్వే పరిధి దాటింది. నేను ‘లేదు’ అని రాయగానే ఆశ్రమం రిజిస్టర్‌లోనూ రోగిగా లేకుండా పోయింది. రెండు లెక్కల మధ్య మనిషి జారిపోయింది.

బయటి దేశాల అంకెలు చూస్తే తేడా తెలుస్తుంది. బ్రిటన్‌లో కేర్ హోమ్‌లలో ఉన్న వారిలో సుమారు 70 శాతం మందికి డిమెన్షియా లేదా తీవ్రమైన జ్ఞాపకశక్తి సమస్య ఉందని అక్కడి అల్జైమర్స్ సొసైటీ చెబుతుంది. అమెరికా నర్సింగ్ హోమ్‌లలో ఇది దాదాపు సగం. (ఒక జాగ్రత్త: మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ అంటే దీర్ఘకాలం ఉండే సంరక్షణ గృహం. సమాధానంలో రెండింటినీ కలపకండి.) అక్కడి శాతం అంత ఎక్కువ ఎందుకు? ఇంట్లో చూసుకోవడం కష్టమైన దశలోనే మనిషిని అక్కడ చేరుస్తారు. ఆ జబ్బే చేరడానికి కారణం. మన దగ్గర చాలా ఆశ్రమాలలో ఆ జబ్బు చేర్చుకోకపోవడానికి కారణం. కాబట్టి వృద్ధాశ్రమంలో డిమెన్షియా ఎంత శాతం అన్న ప్రశ్నకు జవాబు రోగం ఒక్కటే ఇవ్వదు. గేటు దగ్గర పెట్టిన నిబంధన కూడా ఇస్తుంది. పైగా నడుస్తూ, మాట్లాడుతూ చేరిన వాళ్లు కూడా అక్కడే ముసలివాళ్లవుతారు. వయసుతో పాటు ఈ జబ్బు పెరుగుతుంది. ఫారంలో ‘లేదు’ మాత్రం ‘లేదు’గానే ఉండిపోతుంది.

మూడో వారం ఆశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. నానమ్మ రాత్రిపూట లేచి అందరి పెట్టెలూ తెరిచి తునికాకు కోసం వెతుకుతోందట. బాపూ నేనూ వెళ్లాం. మేనేజర్ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "ఇట్లాంటోళ్లు ఇక్కడ ఇంకో ఆరుగురున్నరు. అందరి ఫారాల మీద లేదనే ఉంది. ఉందని తెలిస్తే రాత్రికి ఒక మనిషినన్న పెట్టుకునేటోణ్ని" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నానమ్మ మాత్రం నన్ను చూసి, పేరు గుర్తు రాకపోయినా, "తిన్నవా బిడ్డా?" అంది.

హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్‌కు చూపించాం. అక్కడ ఇంకో పాఠం. ప్రపంచంలో ఎక్కువగా వాడిన 30 మార్కుల పరీక్షలో వందలోంచి ఏడు తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి. బడి ముఖం చూడని మనిషికి జబ్బు లేకపోయినా అందులో మార్కులు రావు. అందుకే 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని వారి కోసం హిందీలో వేరే పరీక్ష తయారుచేశారు. తర్వాత ఐసీఎంఆర్ తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో పరీక్షల సంపుటి తెచ్చింది. మా డాక్టర్ ఏడ్లు అడగలేదు. "కట్టకు ఇరవై ఐదు బీడీలైతే నాలుగు కట్టలకు ఎన్నమ్మా?" అన్నాడు. జీవితమంతా కట్టలు లెక్కపెట్టిన నానమ్మ తన వేళ్లు చూసుకుంటూ ఉండిపోయింది. అది చాదస్తం కాదని నాకు అప్పుడు అర్థమైంది. అల్జైమర్స్ అని తేల్చారు.

ఇక చట్టం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్రాలు జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా ఏర్పాటు చేయవచ్చు. ‘చేయవచ్చు’ అని ఉంది, ‘చేయాలి’ అని లేదు. ఆ ఒక్క మాట మీద మీరు ఒక పేరా రాయవచ్చు. 41వ అధికరణ వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం గురించి చెబుతుంది, అదీ రాజ్య ఆర్థిక స్తోమతకు లోబడి. 2010-11లో మొదలైన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం, 14567 ఎల్డర్ లైన్ ఉన్నాయి. వీటన్నిటికీ ముందు కావలసింది ఒకటుంది: నిజం రాసినా గేటు మూయని ఆశ్రమం. చేరే రోజున, ఆ తర్వాత ఏడాదికోసారి, మాతృభాషలో పరీక్ష. ఉందని తేలితే పంపేయడం కాదు, రాత్రికి శిక్షణ ఉన్న మనిషి.

నానమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంది. పాత న్యూస్ పేపర్లు ఆకుల్లా కత్తిరించి ఇస్తే గంటలకొద్దీ చుడుతుంది. అమ్మకు రాత్రి నిద్ర లేదు. నేను నెలలో పది రోజులు ఊళ్లో ఉండి చదువుకుంటున్నాను. ఆశ్రమం నుంచి తీసుకొచ్చే రోజు ఆ ఫారం అడిగి తీసుకుని, ‘లేదు’ కొట్టేసి ‘ఉంది’ అని రాసి సంతకం పెట్టాను. దాంతో ఏమీ మారలేదు. కానీ రేపు మీలో ఎవరో ఒకరు ఆర్డీవోగానో కలెక్టర్‌గానో ఆ రిజిస్టర్ తెరుస్తారు. వరసగా ‘లేదు, లేదు, లేదు’ అని కనిపిస్తే జిల్లాలో ఈ జబ్బు లేదని నోట్ రాయకండి. లేచి, మంచాల మధ్య ఒకసారి నడవండి.

ఈ వారం సాధన ప్రశ్న: "వృద్ధాశ్రమాలలో డిమెన్షియా గుర్తింపు లోపం వైద్య సమస్య మాత్రమే కాదు, పాలనా సమస్య కూడా. చర్చించండి." 250 పదాలు. ఈసారి 7.4 శాతంతో మొదలుపెట్టకుండా రాసి చూడండి.