నిజాంగారు లేకపోతేనేం!

యాకుత్‌పురా స్టేషనులో రైలు కూస్తే మా వంటింట్లో మాటలాగిపోతాయి. మొన్న రైలు లేకుండానే నా నోరాగిపోయింది. డిగ్రీ చదివే మా అమ్మాయి వేసవిలో ఆరువారాలు లండన్ వెళ్ళి, బ్రిటిష్ రాజకీయాలూ, సంస్కృతీ చదువుకుంటానంది!

"పెళ్ళికని దాచిన డబ్బే అది!" అన్నాను.

వత్తులు చేసుకుంటున్న అత్తగారు అందుకున్నారు. "మన హైదరాబాదు పిల్ల సరోజినీదేవి 1895లో, పదహారేళ్ళకే వెళ్ళలేదుటే?"

"ఆవిడకి నిజాంగారు స్కాలర్‌షిప్పిచ్చారండీ. మనకెవరిస్తారు?"

"బామ్మా, అక్కడ ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా ఓటొచ్చింది 1928లో. ఎంత పోరాడారో చూసొస్తా," అంది అమ్మాయి.

"చూసి రావే. నా ఓటెవరికో ఇన్నాళ్ళూ మీ తాతయ్యే చెప్పేవారు," అన్నారత్తగారు మెల్లిగా.

ఇంటర్‌తో ఆగిన నా చదువు గుర్తొచ్చింది. మర్నాడు బ్యాంకు పుస్తకం పట్టుకుని నేనే బయల్దేరాను. నిజాంగారు లేకపోతేనేం, అమ్మ లేదూ?